లెక్క ఎవరి దగ్గరుంది?



వెబ్ సర్వర్‌కు జ్ఞాపకశక్తి ఉండదు. మీరు ఫోనులో ఒక పేజీ అడుగుతారు, అది ఇస్తుంది. ఇచ్చిన మరుక్షణం మిమ్మల్ని మరిచిపోతుంది. అర నిమిషం తర్వాత ఇంకో పేజీ అడిగితే, ఇందాక అడిగిందీ మీరేనని దానికి తెలీదు. మన కురబలకోట నుంచి అడిగినా, కువైట్ నుంచి అడిగినా దానికి ఒకటే. ఇది చెడిపోయిన సర్వర్ సంగతి కాదు, శుభ్రంగా పనిచేస్తున్న సర్వర్ సంగతి. పుట్టించినవాళ్లు కావాలనే అట్ల పుట్టించారు.

మరి ఇట్లాంటి మతిమరుపు యంత్రంతో మనం రైలు టికెట్టు ఎట్ల తీసుకుంటున్నాం? ఎక్కే ఊరూ దిగే ఊరూ ఒక పేజీలో కొడతాం, పేరూ వయసూ ఇంకో పేజీలో రాస్తాం, డబ్బు మూడో పేజీలో కడతాం. ఈ మూడూ ఒకే మనిషి చేసిన పనులని ఎవరో ఒకరు లెక్క పెట్టుకోవాలి కదా. ఆ లెక్కను కంప్యూటరు చదివే పిల్లలు స్టేట్ అంటారు. అది ఎవరి దగ్గర ఉండాలన్నది ముప్పై ఏళ్లుగా నడుస్తున్న పంచాయితీ. అంగళ్లు కాలేజీలో చదివే పిల్లలకు అది పరీక్షలో ఒక ప్రశ్న. మనబోటి వాళ్లకు నెట్ సెంటర్లో పోయే ఒక పూట కూలి.

ముందు ఆ మతిమరుపు ఎందుకు పెట్టారో చూద్దాం. వెబ్ కన్నా ముందే ఒక కంప్యూటరు నుంచి ఇంకో కంప్యూటరుకు ఫైళ్లు పంపుకునే పద్ధతి ఉండేది. దాని పేరు ఎఫ్‌టీపీ. 1971లో దాని తొలి ముసాయిదా రాసింది మన దేశపు మనిషే, ఐఐటీ కాన్పూర్ తొలి బ్యాచ్‌లో చదివి అమెరికాలో ఎంఐటీకి వెళ్లిన అభయ్ భూషణ్. ఆ పద్ధతిలో ముందు పేరూ పాస్‌వర్డూ చెప్పి లోపలికి పోవాలి. పోయినప్పటి నుంచి బయటికి వచ్చేదాకా మీరు ఏ ఫోల్డర్లో ఉన్నారో సర్వర్ గుర్తుపెట్టుకునే ఉంటుంది. మీరు ఏమీ చేయకుండా గమ్మున కూర్చున్నా, మీ కోసం ఒక లైను తెరిచిపెట్టుకుని ఎదురుచూస్తుంది.

1989లో జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనాలయంలో టిమ్ బెర్నర్స్-లీ వెబ్‌ను ప్రతిపాదించినప్పుడు ఆయన ముందున్న అవసరం వేరు. భౌతికశాస్త్రం వాళ్ల కాగితాలు రకరకాల కంప్యూటర్లలో చెల్లాచెదురుగా ఉన్నాయి. ఒకటి చదువుతూ అందులోని లింకు నొక్కితే, ఇంకెక్కడో ఉన్న కాగితం వచ్చి ఎదుట పడాలి. ఒక్కో కంప్యూటరుతో పరిచయం క్షణకాలం. క్షణం సేపు వచ్చిపోయేవాళ్ల చిట్టా రాసుకోవడం దేనికి? అందుకే, వెబ్ పేజీలు అడిగి తెచ్చుకునే పద్ధతి అయిన తొలినాటి హెచ్‌టీటీపీలో అడగడానికి ఒకే ఒక లైను. గెట్ అని రాసి, కావలసిన కాగితం పేరు రాస్తే సరి. సర్వర్ ఆ కాగితం పంపేసి లైను తెంపేసేది.

ఈ మరుపులో పెద్ద సుఖం ఉంది. గుర్తుపెట్టుకోవలసింది లేదు కాబట్టి ఒక సర్వర్ వేలమందికి జవాబు చెప్పగలదు. అది పడిపోతే పక్కనున్న ఇంకో సర్వర్ అదే జవాబు చెప్పగలదు. ‘నీ సంగతి నాకు తెలీదు, పాతాయన్నే అడుగు’ అనే బాధ లేదు. ప్రపంచమంతా వెబ్ ఇంత తొందరగా అల్లుకుపోవడానికి ఈ గుణం ఒక ముఖ్య కారణమని నా నమ్మకం.

1994లో వెబ్‌లోకి వ్యాపారం వచ్చింది, దాంతోపాటే చిక్కూ వచ్చింది. అమెరికాలో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీలో లూ మాంటుల్లి అనే కుర్ర ప్రోగ్రామరు ఉండేవాడు. ఎంసీఐ అనే టెలిఫోన్ కంపెనీ కోసం నెట్‌స్కేప్ వాళ్లు ఆన్‌లైన్ అంగడి కడుతున్నారు. కొనేవాడు రెండు వస్తువులు బుట్టలో వేసి, మనసు మారి వెళ్లిపోతాడు. ఇట్లాంటి సగం బేరాలన్నీ తమ సర్వర్లలో మోయడం ఎంసీఐకి ఇష్టం లేకపోయింది. ఆ లెక్కేదో కొనేవాడి కంప్యూటర్లోనే ఉంచే దారి చూడమన్నారు. మాంటుల్లి చూసిన దారి పేరే కుకీ. యూనిక్స్ ప్రోగ్రామర్లు అంతకుముందే వాడుతున్న ‘మ్యాజిక్ కుకీ’ అన్న మాట నుంచి ఆ పేరు తీసుకున్నాడు. 1994 అక్టోబరు 13న విడుదలైన నెట్‌స్కేప్ బీటాలోనే అది ఉంది. దాన్ని మొట్టమొదట వాడింది మాత్రం బేరానికి కాదు. నెట్‌స్కేప్ సైటుకు వచ్చిన మనిషి ఇంతకుముందు ఎప్పుడైనా వచ్చాడా లేదా అని చూసుకోవడానికి.

పద్ధతి చాలా తేలిక. సర్వర్ తన జవాబుతోపాటు ఒక చిన్న అక్షరాల ముక్క పంపి, ఇది నీ దగ్గర పెట్టుకో, ఈసారి వచ్చేటప్పుడు పట్టుకురా అంటుంది. బ్రౌజర్ దాన్ని దాచుకుని, ఆ సైటును ఏది అడిగినా ముందు ఆ ముక్క చూపిస్తుంది. సర్వర్‌కు ఇప్పటికీ జ్ఞాపకం రాలేదు. ఎవరో గుర్తుచేస్తే గుర్తొచ్చే స్థితికి మాత్రం వచ్చింది.

ఇక్కడ నుంచి దారి రెండుగా చీలుతుంది. అది మదనపల్లె టమోటా మండీలో పెట్టి చెబితే మనకు సులువు. రైతు తెల్లవారుజామున క్రేట్లు దించుతాడు. గుమాస్తా పుస్తకంలో పేరు, ఊరు, క్రేట్లు ఎన్ని, ఏ ధర పలికిందీ రాసుకుని, నంబరు వేసిన చీటీ ఒకటి చేతికిస్తాడనుకోండి. చీటీలో నంబరు తప్ప ఏమీ లేదు. డబ్బులకు వచ్చినప్పుడు ఆ నంబరు చూసి పుస్తకం తిప్పుతాడు. గుమాస్తా రైతు ముఖం గుర్తుపెట్టుకోనవసరం లేదు. ఇది మొదటి దారి. ఆ పుస్తకంలోని పద్దు సెషన్, చీటీ మీది నంబరు సెషన్ ఐడీ. రెండో దారిలో పుస్తకమే ఉండదు. పేరు, క్రేట్లు, ధర అన్నీ చీటీలోనే రాసి, ఎవరూ దిద్దడానికి వీల్లేకుండా కింద సంతకం చేసి ముద్ర వేసి ఇస్తారు. అప్పుడు ఏ గుమాస్తా అయినా, ఆ ముద్ర సరైనదని తేలితే డబ్బు లెక్కపెట్టి ఇచ్చేయొచ్చు. వెబ్‌లో ఈ రకం చీటీకి 2015లో ఒక ప్రమాణం వచ్చింది, జేసన్ వెబ్ టోకెన్ అని. ప్రోగ్రామర్లు దాన్ని జాట్ అని పిలుచుకుంటారు.

రెండు దారుల్లోనూ ఎవరి తిప్పలు వాళ్లవి. నంబరు చీటీలో నంబర్లు వరసగా ఒకటి, రెండు, మూడు అని ఇస్తే, నలభై మూడో చీటీ ఉన్నవాడు నలభై నాలుగో చీటీ రాసుకుని పక్కవాడి డబ్బు పట్టుకుపోగలడు. అందుకే సెషన్ ఐడీ ఎవరి ఊహకూ అందని పొడవాటి అంకెగా ఉండాలి. ముద్ర చీటీలో తిప్పలు ఇంకో రకం. ఇచ్చిన చీటీని రద్దు చేయాలంటే, రద్దయిన చీటీల జాబితా ఒకటి రాసి పెట్టుకోవాలి. అంటే వద్దనుకున్న పుస్తకం వెనక వాకిట్లోంచి మళ్లీ లోపలికి వచ్చినట్టే. జాట్ మోజులో పడ్డ కుర్రాళ్లు ఈ సంగతి ఆలస్యంగా తెలుసుకుంటారు. ఇక ముద్ర కూడా లేకుండా అన్నీ మనిషి చేతికే ఇచ్చేస్తే ఏమవుతుందో తొలినాటి అంగడి సైట్లు కొన్ని చూపించాయి. వస్తువు ధరను పేజీలోనే కనపడకుండా దాచి, అదే ధర తిరిగి వస్తుందని నమ్మేవి. తెలిసినవాళ్లు ఆ ధరను దిద్ది పంపేవాళ్లు.

ఇక, ఫారం నింపుతుండగా తెర మీద పడే ‘సెషన్ ఎక్స్‌పైర్డ్’ అన్న మాట దగ్గరికి వద్దాం. పుస్తకంలో పద్దులు పేరుకుపోతాయి కాబట్టి, కొంతసేపు ఎవరూ రాకపోతే ఆ పద్దు కొట్టేస్తారు. ఎంతసేపు? పీహెచ్‌పీలో మామూలుగా ఉండే గడువు 1440 సెకన్లు, అంటే 24 నిమిషాలు. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఏఎస్‌పీ డాట్ నెట్‌లో 20 నిమిషాలు. జావా వాళ్లు వాడే టామ్‌క్యాట్‌లో 30 నిమిషాలు. ఈ అంకెల్లో శాస్త్రం ఏమీ లేదు. సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్లు ఏదో ఒకటి ఉండాలి కదా అని పెట్టారు. మార్చుకోవచ్చు. మార్చేవాళ్లు తక్కువ. మన మండలంలో ఒక ఆడమనిషి పిల్ల ఉపకార వేతనం కోసం ఫారం నింపుతూ, కులం సర్టిఫికెట్ నంబరు కోసం ఇంటికి పోయి వచ్చేలోపు రాసిందంతా పోతుందా ఉంటుందా అన్నది ఇట్ల, ఎక్కడో ఎవరో ఊరికే వదిలేసిన అంకె తేలుస్తోంది.

గడువు అసలే వద్దనడం లేదు. నెట్ సెంటర్లో కంప్యూటరు పదిమందిది. మీరు లాగౌట్ కాకుండా లేచిపోతే, తర్వాత కూర్చున్నవాడు మీరైపోతాడు. చీటీ ఎవరి చేతిలో ఉంటే వాళ్లే ఆసామి. 2010 అక్టోబరులో ఎరిక్ బట్లర్ అనే ప్రోగ్రామరు ఫైర్‌షీప్ అనే చిన్న పనిముట్టును బయటపెట్టాడు. ఒకే వైఫై మీద కూర్చున్న పక్కవాడి కుకీని గాలిలోంచి పట్టి, పాస్‌వర్డ్ అవసరం లేకుండానే అతని ఫేస్‌బుక్‌లోకి వెళ్లొచ్చని అది చూపించింది. దొంగతనం నేర్పడానికి కాదు, పెద్ద కంపెనీలకు సిగ్గు తెప్పించడానికి చేసిన పని అది. మొదటి నుంచి చివరిదాకా, దారిలో ఎవరూ చదవలేని హెచ్‌టీటీపీఎస్ వాడాలన్న పట్టుదల ఆ గొడవ తర్వాతే గట్టిపడింది. కాబట్టి బ్యాంకు సైటు కాసేపటికే బయటికి నెట్టేస్తే నేను తప్పుపట్టను.

నా ఫిర్యాదు వేరు. బయటికి నెట్టడం వేరు, రాసింది పారేయడం వేరు. మీరు ఎవరన్న గుర్తింపుకు గడువు ఉండాలి, అది తీరితే మళ్లీ పాస్‌వర్డ్ అడగాలి, సరే. గంట సేపు మీరు నింపిన నాలుగు పేజీలకు ఆ గడువుతో ఏం సంబంధం? రెంటినీ ఒకే సంచిలో వేసి, సంచికి 20 నిమిషాల గడువు పెట్టి, గడువు కాగానే సంచిని పెంటలో పారేసే సైట్లు మనకు బోలెడు. కట్టినవాడికి అది సులువు. సెషన్లో వేసేస్తే డేటాబేస్‌లో చోటు చూసుకునే పని ఉండదు. ఆ మిగిలిన పనంతా ఫారం నింపేవాళ్ల నెత్తిన పడుతుంది.

సెషన్లో అన్నీ కుక్కడం వల్ల వచ్చే చేటు ఇంకొకటి ఉంది. అది నెట్ సెంటర్ నడిపేవాళ్లకు బాగా తెలుసు, కారణమే తెలీదు. ఒకసారి నేను పక్క కుర్చీలో ఉండగా జరిగింది చెబుతాను. సైటు పేరు వద్దు. నెట్ సెంటర్ అబ్బాయి తన లాగిన్‌తోనే ఇద్దరు పిల్లల అప్లికేషన్లు రెండు ట్యాబుల్లో తెరిచి, ఇటు కాస్త అటు కాస్త నింపుతున్నాడు. జనం ఎక్కువ, టైము తక్కువ. ప్రింటు తీసి ఇస్తే ఒక తండ్రి దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, “ఏమప్పా, పేరు మావాడిదే, ఆధార్ నంబరు ఎవరిదో పడిందే?” అన్నాడు.

“రెండూ ఒకేసారి తెరిచినా కదన్నా, కలిసిపోయినట్టుంది. రోంచేపు కూర్చో, మళ్లీ మొదట్నించీ పెడతా” అన్నాడు అబ్బాయి, ఇదేమీ వింత కానట్టు.

కలిసిపోవడం అంటే జరిగింది ఇది. ఆ సైటు కట్టిన ప్రోగ్రామరు సెషన్లో ‘ఇప్పుడు నింపుతున్న అప్లికేషన్’ అని ఒకే ఒక గడి పెట్టుకున్నాడు. మొదటి ట్యాబులో ఒక పిల్లాడిది తెరవగానే ఆ గడిలో వాడి నంబరు పడింది. రెండో ట్యాబులో ఇంకో పిల్లాడిది తెరవగానే అదే గడిలో పాతది చెరిగి వీడి నంబరు పడింది. బ్రౌజర్ ఒకటే కాబట్టి రెండు ట్యాబులూ పట్టుకెళ్లే కుకీ ఒకటే. ఇప్పుడు మొదటి ట్యాబుకు తిరిగొచ్చి ఆధార్ నంబరు కొట్టి సేవ్ నొక్కితే, సర్వర్ గడిలోకి తొంగిచూసి, రెండో పిల్లాడి అప్లికేషన్లో దాన్ని రాసేస్తుంది. తెర మీద మాత్రం మొదటి పిల్లాడి పేరే కనిపిస్తుంటుంది. ఎర్రగా ఏ హెచ్చరికా రాదు.

నెట్ సెంటర్ల వాళ్లు దీనికి అనుభవంతో మందు కనిపెట్టుకున్నారు. ఒకటి క్రోమ్‌లో, ఒకటి ఫైర్‌ఫాక్స్‌లో, మూడోది ఉంటే ఇన్‌కాగ్నిటోలో తెరుస్తారు. వేరే బ్రౌజర్ అంటే వేరే కుకీ, వేరే కుకీ అంటే వేరే పద్దు. ఎవరూ చెప్పకుండానే చక్కటి వైద్యం. అసలు చికిత్స చేయవలసింది సైటు కట్టినవాళ్లు. ప్రతి పేజీ తాను ఏ అప్లికేషన్ తాలూకుదో ఆ నంబరును తానే మోసుకెళ్లాలి. సర్వర్ చేయవలసింది, ఈ లాగిన్ ఉన్నవాడికి ఆ నంబరు మీద హక్కు ఉందా అని ప్రతిసారీ చూసుకోవడం. ఈ రెండో ముక్క మరిచిపోతే ఇంకో ప్రమాదం. పైన అడ్రసులో నంబరు చివరి అంకె మారిస్తే ఊళ్లోవాళ్లందరి అప్లికేషన్లూ తెరుచుకుంటాయి.

ఇదంతా కొత్తగా నేను చెబుతున్నది కాదు. హెచ్‌టీటీపీ ప్రమాణాలు రాసినవాళ్లలో ఒకరైన రాయ్ ఫీల్డింగ్ 2000లో తన పీహెచ్‌డీ గ్రంథంలో రెస్ట్ అన్న పద్ధతిని వివరించాడు. ఈ రోజు మన ఫోన్లలోని యాప్‌లు వెనక సర్వర్లతో మాట్లాడే తీరుకు చాలావరకు మూలం అదే. అందులో ఒక గట్టి నియమం ఉంది: ప్రతి విన్నపం తనంతట తాను పూర్తిగా అర్థం కావాలి, ‘ఇందాక చెప్పాను కదా’ అనకూడదు. మనిషి ఎక్కడ ఉన్నాడు, ఏ పేజీ చూస్తున్నాడు అన్న లెక్క మనిషి వైపే ఉండాలి. నిలిచి ఉండవలసిన వస్తువు ఏదైనా, దానికంటూ ఒక అడ్రసుతో సర్వర్ వైపు ఉండాలి. ఈ మాటను మన ఫారానికి పెట్టి చూడండి. సగం నింపిన అప్లికేషన్ కూడా ఒక వస్తువే. మొదటి పేజీ దాటగానే దానికి ఒక నంబరు పుట్టాలి. ఆ నంబరు మీ చేతికి రావాలి. కరెంటు పోయినా, సిగ్నల్ పోయినా, మర్నాడు మదనపల్లెలో ఇంకో కంప్యూటరు ముందు కూర్చున్నా ఆ నంబరుతో ఆగిన చోటి నుంచి మొదలుపెట్టగలగాలి.

దీనికి ఉదాహరణ కోసం అమెరికా పోనవసరం లేదు. 2011 నవంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మీసేవ మొదలైంది మన చిత్తూరు జిల్లాలోనే. అప్పుడు కురబలకోట కూడా చిత్తూరు జిల్లానే. మీసేవలో పనులు రెండు రకాలు. ‘ఏ’ కేటగిరీ పనులు అక్కడికక్కడే పావుగంటలో అయిపోయేవి. రికార్డు ముందే డేటాబేస్‌లో ఉంటుంది, ప్రింటు తీసి ఇస్తారు. ‘బీ’ కేటగిరీ పనులు రోజులు పట్టేవి. ఆదాయం సర్టిఫికెట్టే తీసుకోండి. కాగితం వీఆర్వో చూడాలి, ఆర్ఐ చూడాలి, చివరికి తహసీల్దారు డిజిటల్ సంతకం పెట్టాలి. ఒక్కొక్కరు ఒక్కో రోజు, ఒక్కో కంప్యూటర్ ముందు కూర్చుని లాగిన్ అవుతారు. ఈ మధ్యలో వేల సెషన్లు పుట్టి చచ్చిపోతాయి. కాగితం ఎవరి టేబుల్ దాకా వచ్చిందన్న లెక్క సెషన్లో పెట్టే ప్రశ్నే లేదు. డేటాబేస్‌లో అప్లికేషన్ నంబరు కింద ఉండాల్సిందే. కౌంటర్లో ఇచ్చే రసీదు మీద ఆ నంబరు ఉంటుంది. రసీదు మడిచి జేబులో పెట్టుకున్న మనిషి తన స్టేట్ తాను మోస్తున్నట్టే. రోజుల తరబడి సాగే పనికి ఇంత శ్రద్ధ తీసుకున్నవాళ్లం, గంటలో అయ్యే ఫారానికి ఎందుకు తీసుకోకూడదు?

2025 జనవరి 30న రాష్ట్రంలో మన మిత్ర పేరుతో వాట్సాప్‌లోనే సర్కారు పనులు మొదలయ్యాయి, తొలి విడతలో 161 సేవలతో. వాట్సాప్‌లో మెసేజీల సంభాషణ అంటే మనకు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నట్టు ఉంటుంది. సర్వర్ వైపు నుంచి చూస్తే ఇట్లాంటి చాట్‌లో మీరు పంపే ప్రతి మెసేజీ విడివిడిగా వచ్చే ఒక విన్నపమే. మీరు ‘2’ అని పంపారు. దేనికి రెండు? రెండో సేవా, రెండో ఊరా? చివరగా తాను ఏం అడిగిందో ఎక్కడో రాసి ఉంటేనే ఆ రెండుకు అర్థం. కుకీ లేదు, బ్రౌజర్ లేదు. మీ ఫోన్ నంబరే చీటీ. మధ్యలో బిడ్డ ఏడ్చిందని ఫోను పక్కన పెట్టి సాయంత్రం జవాబిచ్చినా సంభాషణ తెగకూడదు. సంస్థలు వాట్సాప్‌లో జవాబిచ్చే తీరుకు ఆ కంపెనీ పెట్టిన నియమం ప్రకారం, మీ చివరి మెసేజీ వచ్చిన 24 గంటల దాకా అవతలివాళ్లు మీతో స్వేచ్ఛగా మాట్లాడొచ్చు. 20 నిమిషాల సెషన్‌తో పోలిస్తే పల్లె మనిషి బతుకుకు ఇదే దగ్గరగా ఉంది.

మళ్లీ ఆ పద్దుల పుస్తకం సంగతికి వద్దాం. సర్వర్ ఒకటే ఉన్నంతసేపు పుస్తకం ఎక్కడుందన్న గొడవ లేదు. ఫలితాలు వచ్చే రోజు, సీట్లు కేటాయించే రోజు ఒక సర్వర్ చాలదు, పది పెడతారు. ముందు ఒక పంపిణీదారు కూర్చుని వచ్చేవాళ్లను తలా ఒకరి దగ్గరికి పంపుతుంటాడు. మీ పద్దు మూడో సర్వర్ మెమరీలో ఉండి, మీ తర్వాతి విన్నపం ఏడో సర్వర్‌కు పోతే, అది ‘మీరెవరు?’ అంటుంది. దీనికి పాత చిట్కా, మిమ్మల్ని ఎప్పుడూ మూడో సర్వర్‌కే పంపుతుండటం. మూడోది పడిపోతే దాని దగ్గరున్నవాళ్లందరి గతీ అంతే. అన్ని సర్వర్లూ కలిసి చూసుకునే పుస్తకం ఒకటి పక్కన పెట్టడం మేలు. 2003లో వచ్చిన మెమ్‌క్యాష్‌డీ, 2009లో వచ్చిన రెడిస్ ఈ పనికి బాగా చలామణి అయ్యాయి.

పద్దులు సర్వర్ మెమరీలో ఉంచుకునేవాళ్లకు ఒక సరదా సంగతి. మైక్రోసాఫ్ట్ ఐఐఎస్ సర్వర్ ఎవరూ మార్చకపోతే 1740 నిమిషాలకు, అంటే 29 గంటలకు ఒకసారి తన పనివాణ్ణి దించి కొత్తవాణ్ణి ఎక్కించుకుంటుంది. పాతవాడి మెమరీలో ఉన్న సెషన్లు వాడితోనే పోతాయి. ఇరవై తొమ్మిది గంటలు కాబట్టి ఆ ముహూర్తం రోజుకు ఐదు గంటలు ముందుకు జరుగుతుంటుంది. ఈ రోజు తెల్లవారుజామున రెండింటికి పడితే ఎవరికీ తెలీదు. రేపు ఉదయం ఏడింటికి. ఎల్లుండి మిట్టమధ్యాహ్నం పన్నెండింటికి, ఆఫీసు నిండా జనం ఉన్నప్పుడు అందరూ ఒక్కసారిగా బయటపడతారు. ‘సర్వర్ డౌన్’ అని బోర్డు తిప్పేస్తారు. సర్వర్ డౌన్ కాలేదు, డ్యూటీ మారింది.

చివరిగా డబ్బు సంగతి. మొత్తం విషయంలో ముదిరిన చిక్కు ఇదే. ‘బ్యాక్ నొక్కవద్దు, రిఫ్రెష్ చేయవద్దు’ అని పేమెంటు పేజీల మీద రాసి ఉంటుంది. ఆ రాత కనిపించినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. తాము సరిచేయవలసినదాన్ని మన వేళ్ల మీద పెట్టడం అది. హార్స్‌లీ కొండ చుట్టుపక్కల సిగ్నల్ ఎట్ల వచ్చిపోతుందో మీకు తెలుసు. మీరు ‘చెల్లించు’ అని నొక్కారు, తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. మీ విన్నపం సర్వర్‌కు చేరకపోయి ఉండొచ్చు. చేరి, పని జరగకపోయి ఉండొచ్చు. చేరి, డబ్బు పడి, ఆ జవాబు మాత్రం దారిలో పోయి ఉండొచ్చు. ఫోనుకు ఈ మూడూ ఒకే మాదిరి కనిపిస్తాయి. మళ్లీ నొక్కితే రెండుసార్లు కట్టినట్టవుతుందేమో, నొక్కకపోతే అసలు కట్టనట్టవుతుందేమో. అడకత్తెరలో పోకచెక్క.

దీనికి విరుగుడు కూడా నంబరే. ‘చెల్లించు’ నొక్కకముందే ఆ చెల్లింపుకు ఒక నంబరు పుట్టించి, ప్రతి ప్రయత్నంలో అదే నంబరు పంపాలి. సర్వర్ ఆ నంబరు తన దగ్గర ఉందా అని చూసుకుంటుంది. ఉంటే పని మళ్లీ చేయదు; పాత జవాబే మళ్లీ చెబుతుంది. అప్పుడు మీరు ఒకసారి నొక్కినా పదిసార్లు నొక్కినా డబ్బు ఒకసారే పోతుంది. హెచ్‌టీటీపీ ప్రమాణాలే ఈ తేడాను గుర్తించాయి. గెట్, పుట్, డిలీట్ అనే విన్నపాలు ఎన్నిసార్లు పంపినా ఫలితం ఒకటే కావాలి, పోస్ట్‌కు ఆ హామీ లేదు. డబ్బు కట్టేవి ఎక్కువగా పోస్ట్‌లే. 2016లో వచ్చిన యూపీఐలో ప్రతి లావాదేవీకి ఒక ఐడీ, 12 అంకెల రిఫరెన్స్ నంబరు ఉంటాయి. జవాబు రాకపోతే బ్యాంకు ఆ లావాదేవీ ఏమైందని అదే ఐడీతో అడగడానికి విడిగా ఏర్పాటు ఉంది. మీ ఫోన్లో ‘పెండింగ్’ అని కనిపించినప్పుడు వెనక నడిచేది ఈ వాకబే. అందుకే పెండింగ్‌లో ఉన్నప్పుడు కొత్తగా ఇంకో చెల్లింపు చేయవద్దంటారు. కొత్తది అంటే కొత్త నంబరు. అప్పుడు యంత్రానికి అది నిజంగానే రెండో చెల్లింపు.

ఇక, నెట్ సెంటర్లో పని చేయించుకునేవాళ్లు మొదటి పేజీలోనే అప్లికేషన్ నంబరు వచ్చిందేమో అడిగి, కాగితం మీద రాసుకోండి. మధ్యలో సేవ్ అనే బటన్ ఉంటే పేజీ పేజీకీ నొక్కించండి. లేచేటప్పుడు లాగౌట్ అయ్యేదాకా కుర్చీ వదలొద్దు. ట్యాబు మూసేస్తే చాలదు, కుకీ అక్కడే ఉంటుంది.

అంగళ్లులో ఈ ఏడాది ప్రాజెక్టు చేస్తున్న పిల్లలకు ఒక పని చెబుతాను. మీరు కట్టిన సైటులో ఫారం సగం నింపండి. సర్వర్ ఆపి మళ్లీ స్టార్ట్ చేయండి. ఇప్పుడు సేవ్ నొక్కి చూడండి. తర్వాత రెండు ట్యాబుల్లో రెండు అప్లికేషన్లు తెరిచి, మొదటిదాంట్లో ఫోన్ నంబరు మార్చి, అది ఎవరి పద్దులో పడిందో డేటాబేస్‌లో వెతకండి. ఆఖరున వైఫై తీసేసి ‘చెల్లించు’ నొక్కి, వైఫై పెట్టి మళ్లీ నొక్కండి. ఈ మూడూ చూశాకే వైవాకు పోండి, ఎందుకంటే గట్టి ఎగ్జామినర్ ఎవరైనా మొదట తెరవమనేది ఆ రెండో ట్యాబే.